వైరల్ న్యుమోనియా: ఊపిరితిత్తుల్లో నీటిని సూది, గొట్టం లేకుండా పసిగట్టేదెలా?

'ఊపిరితిత్తుల్లో నీరు చేరింది' అని వైద్యులు చెప్పగానే రోగి బంధువులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: ఆ నీటిని తీసేయవచ్చు కదా? ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్యనున్న పొరల్లో నీరు చేరితే సూదితో తీయవచ్చు. క్షయ వంటి వ్యాధుల్లో తరచుగా కనిపించేది అదే. వైరల్ న్యుమోనియా ముదిరినప్పుడు చేరే ద్రవం వేరు. అది ఊపిరితిత్తి కణజాలంలోనే, కోట్ల సంఖ్యలో ఉండే వాయుకోశాల గోడల్లోనూ వాటి లోపలా నిండుతుంది. నీరు పీల్చుకున్న స్పాంజిలా మారిన ఊపిరితిత్తిలో, సూదికి అందేలా ఒకచోట నిలిచిన నీరంటూ ఉండదు.

వాయుకోశానికీ, దాన్ని అల్లుకున్న రక్త కేశనాళికకూ మధ్యనున్న గోడ మందం ఒక మైక్రాన్ కంటే తక్కువ. ప్రాణవాయువు రక్తంలోకి చేరే దారి అదే. గుండె బలహీనపడినప్పుడు రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు ఈ గోడను దాటుతుంది. ఇన్‌ఫ్లుయెంజా, కరోనా వంటి వైరస్‌ల వల్ల వచ్చే న్యుమోనియాలో గోడే దెబ్బతింటుంది. ఒత్తిడి మామూలుగా ఉన్నా నీటితోపాటు మాంసకృత్తులూ కారిపోతాయి. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందులు మొదటి రకం నీటిని గంటల్లో తగ్గించగలవు. రెండో రకం, గోడ మానేదాకా పూర్తిగా తగ్గదు.

నీటిని కొలవాల్సిన అవసరం ఇక్కడే వస్తుంది. జ్వరంతో, తిండి మానేసి వచ్చిన రోగి శరీరం తడారి ఉంటుంది. రక్తపోటు పడిపోతే సెలైన్ ఎక్కించక తప్పదు. అయితే గోడలు కారుతున్న ఊపిరితిత్తుల్లోకి, అవసరానికి మించి ఎక్కించిన ద్రవంలో కొంత చేరుతుంది. 'సెలైన్ పెట్టిస్తే బలం వస్తుంది' అన్న నమ్మకం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ బలంగా ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. తీవ్ర శ్వాసకోశ వైఫల్యానికి లోనైన 1,000 మంది రోగులపై అమెరికాలో జరిగి 2006లో ప్రచురితమైన పరిశోధనలో, ద్రవాలను ఆచితూచి ఇచ్చినవారు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడ్డారు. మరణాల్లో మాత్రం గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఊపిరితిత్తుల నీటిని మిల్లీలీటర్లలో చెప్పగల పద్ధతి ఒకటి ఉంది. పెద్ద సిరలో ఒక గొట్టం, ధమనిలో మరో గొట్టం అమర్చి, చల్లని సెలైన్‌ను సిరలోకి పంపి, ధమని దగ్గర ఉష్ణోగ్రత ఎలా మారిందో చూసి లెక్క కడతారు. ఎత్తుకు తగిన బరువులో కిలోకు సుమారు 7 మిల్లీలీటర్ల వరకు మామూలు, 10 దాటితే ఊపిరితిత్తులు ఉబ్బినట్లు లెక్క. అంటే 60 కిలోల వ్యక్తిలో ఈ రెండు స్థితుల మధ్య తేడా 200 మిల్లీలీటర్లకు లోపే. ఒక సెలైన్ సీసాలో ఉండేది 500 మిల్లీలీటర్లు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ముప్పు ఉన్న ఈ పద్ధతి ఐసీయూలో కొద్దిమంది రోగులకే పరిమితం. మిగిలినవారికి చర్మం దాటి లోపలికి వెళ్లని మార్గాలే ఆధారం.

ఎక్స్‌రే, సీటీ పరిమితులు

ఎక్స్‌రేలో నీరు తెల్లని మబ్బులా కనిపిస్తుంది. కానీ నీరు గణనీయంగా పెరిగాకే ఆ మబ్బు స్పష్టమవుతుంది. సీటీ స్కాన్ వివరంగా చూపిస్తుంది. అయితే ఆక్సిజన్‌పై ఉన్న రోగిని స్కాన్ గదికి తరలించాలి, రేడియేషన్ వల్ల రోజూ తీయడానికి వీలుండదు. కోవిడ్ కాలంలో ఇంటింటా వినిపించిన '25కు ఇంత' అనే సీటీ స్కోరు, ఊపిరితిత్తుల్లో ఎంత భాగం దెబ్బతిన్నదో చెప్పేదే తప్ప నీటి కొలత కాదు.

అల్ట్రాసౌండ్ చూపించే గీతలు

గాలి ధ్వని తరంగాలను వెనక్కి కొడుతుంది కనుక ఊపిరితిత్తుల పరీక్షకు అల్ట్రాసౌండ్ పనికిరాదని చాలాకాలం భావించారు. ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు డానియెల్ లిక్టెన్‌స్టైన్ ఆ అడ్డంకినే ఆధారంగా మలిచారు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి తెరపై అడ్డగీతలను చూపిస్తుంది. వాయుకోశాల మధ్య గోడల్లో నీరు చేరితే, ఊపిరితిత్తి పైపొర నుంచి తెర అడుగుదాకా తోకచుక్కల్లాంటి నిలువు గీతలు దిగుతాయి. శ్వాసతోపాటే అవీ కదులుతాయి. వాటినే బి-లైన్లు అంటారు. అవి అక్కడున్న అవయవ భాగాల చిత్రాలు కావు, గాలీ నీరూ కలిసిన చోట ధ్వని చేసే మాయ. ఆయన బృందం 1997లో వీటిని ఊపిరితిత్తుల వ్యాధికి గుర్తుగా వర్ణించింది. రెండు పక్కటెముకల మధ్య మూడు లేదా అంతకు మించి బి-లైన్లు ఉంటే ఆ భాగాన్ని అసాధారణంగా పరిగణించాలని 2012లో అంతర్జాతీయ నిపుణులు సిఫారసు చేశారు.

ఛాతీని 12 భాగాలుగా విభజించి ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేయడం ప్రచారంలో ఉన్న విధానం. గాలితో నిండిన భాగానికి 0, గట్టిపడి గాలి ఆడని భాగానికి 3. మొత్తం 36. రోగి మంచం దగ్గరే, కొద్ది నిమిషాల్లో, రేడియేషన్ లేకుండా పూర్తవుతుంది కాబట్టి రోజుకు రెండుసార్లయినా చేయవచ్చు. నిన్న 14 ఉన్న స్కోరు నేడు 20కి చేరిందంటే, ఆ 20 కంటే పెరిగిన ఆ 6 మార్కులే వైద్యునికి ముఖ్యం.

ఈ గీతల సంఖ్యను నేరుగా నీటి పరిమాణంగా చదవడం పొరపాటు. పాత మచ్చలతో గట్టిపడిన ఊపిరితిత్తిలోనూ బి-లైన్లు వస్తాయి. గుండె వైఫల్యంలో అవి రెండు వైపులా దాదాపు సమంగా ఉంటాయి, పైపొర నున్నగా ఉంటుంది. వైరల్ న్యుమోనియాలో అక్కడక్కడా గుంపులుగా ఉంటాయి, మధ్యలో మామూలు భాగాలు మిగులుతాయి, పైపొర గరుకుగా తెగినట్లు కనిపిస్తుంది. డయాలసిస్‌తో అదనపు నీరు తీసిన రోగిలో గీతలు గంటల్లో తగ్గుతాయి. న్యుమోనియాలో అవి అంత తొందరగా పోవు. ఈ తేడా పట్టుకోవడానికి చూసేవారి చేతికీ కంటికీ శిక్షణ కావాలి.

భారతదేశంలో దీనికి మరో చిక్కు ఉంది. ఆడపిండాల హత్యలను అరికట్టడానికి తెచ్చిన 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం, పిండం లింగాన్ని గుర్తించగల అల్ట్రాసౌండ్ యంత్రాలను నమోదు చేయాలి. చేత పట్టుకెళ్లే యంత్రాల తరలింపుపై ఆంక్షలు ఉన్నాయి. ఆ చట్టం అవసరాన్ని కాదనలేం. కానీ న్యుమోనియా రోగి మంచం దగ్గరికి యంత్రాన్ని తేవాలనుకునే చిన్న ఆసుపత్రికీ అదే నమోదు, అదే నిబంధన.

విద్యుత్తుతో, రేడియో తరంగాలతో

గాలి విద్యుత్తును అడ్డుకుంటుంది, లవణాలున్న శరీర ద్రవం పోనిస్తుంది. ఛాతీ చుట్టూ 16 లేదా 32 ఎలక్ట్రోడ్ల పట్టీ కట్టి, రోగికి తెలియనంత స్వల్ప విద్యుత్తు పంపి, గాలి ఎక్కడికి వెళ్తోందో తెరపై చూపే పరికరాలు ఉన్నాయి. వెంటిలేటర్ ఒత్తిడిని సరిచూడటానికి ఇవి ఎక్కువగా ఉపయోగపడతాయి. ఇజ్రాయెల్‌లో రూపొందిన మరో పరికరం ఛాతీకి ముందూ వెనకా అమర్చిన సెన్సర్ల మధ్య తక్కువ శక్తి గల తరంగాలు పంపి, ఊపిరితిత్తుల్లో ద్రవం వాటాను శాతంలో చెబుతుంది. 20 నుంచి 35 శాతం దాకా మామూలుగా పరిగణిస్తారు. గుండె వైఫల్య రోగుల కోసం తయారైన ఈ సాధనం, చేరింది ఒత్తిడి నీరా, వాపు నీరా అన్నది చెప్పలేదు.

వేలికి తొడిగే ఆక్సీమీటర్

జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి 1970లలో కనుగొన్న సూత్రంపై పనిచేసే పల్స్ ఆక్సీమీటర్ ఇప్పుడు ఎన్నో ఇళ్లలో ఉంది. అది నీటిని కొలవదు. నీరు చేరడం వల్ల రక్తంలో ప్రాణవాయువు ఎంత తగ్గిందో చెబుతుంది. అందుకే దాని హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు రీడింగును తప్పుదోవ పట్టిస్తాయి. నల్లజాతి రోగుల్లో అది ప్రాణవాయువు కొరతను ఎక్కువగా పట్టుకోలేకపోతోందని 2020 డిసెంబరులో ప్రచురితమైన అమెరికా అధ్యయనం తేల్చింది. ముదురు రంగు చర్మం సాధారణమైన మన దేశంలో అంచున ఉన్న అంకెను నమ్మేముందు ఆయాసాన్ని, శ్వాస వేగాన్ని కూడా చూడాలి.

రెండో కోవిడ్ ఉద్ధృతిలో ప్రచారమైన 6 నిమిషాల నడక పరీక్ష ఈ ఆలస్యాన్ని కొంత తగ్గించే ఉపాయం. విశ్రాంతిలో బాగున్న అంకె, గదిలో మామూలుగా నడిచాక 3 శాతం కంటే ఎక్కువ పడిపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి. కూర్చున్నప్పుడే 94 కంటే తక్కువగా ఉన్నవారు, ఆయాసపడుతున్నవారు, ఉబ్బసం ఉన్నవారు ఈ పరీక్ష చేసుకోకూడదు.