పైడితల్లి వచ్చాడు

గజపతినగరం బస్టాండులో ‘ఏట్రా పైడితల్లీ!’ అని కేకేస్తే మీసాలాయన తల తిప్పుతాడు. కొత్తగా వచ్చినవాళ్లకే వింత. విజయనగరం జిల్లాలో అది ఆడామగా ఇద్దరికీ పెట్టే పేరు. కొండపల్లి పైడితల్లి నాయుడు 1996లోనూ, 2004లోనూ బొబ్బిలి నుంచి లోక్‌సభకు గెలిచారు. గోడల మీద అంతేసి అక్షరాలతో ‘తల్లి’ అని రాసున్నా ఆయన్ని ఆడమనిషనుకున్న ఓటరు ఉండడు.

పైడి అంటే బంగారం. పసిడి నోట్లో నాని పైడి అయింది. పసుపు, పసిమి దానికి చుట్టాలే. తల్లి అంటే విజయనగరం పైడితల్లి అమ్మవారే. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో చనిపోయిన విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు చెల్లెలే పెద్దచెరువులో మునిగి దేవతగా వెలిసిందని కథ. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం ఆమెకు సిరిమానోత్సవం. సిరిమాను అనే పొడవాటి మాను కొసన ఆసనంలో కూర్చుని ఊరేగేది మగ పూజారి. కింద నుంచి జనం అరటిపళ్లు విసిరేదీ, దండం పెట్టేదీ అమ్మకి. ఏటా అది చూసే ఊళ్లకి మగబిడ్డను తల్లి పేరుతో పిలవడం ఎబ్బెట్టుగా ఎందుకుంటుంది?

మామూలుగా మన పేర్లు తోక మార్చుకుంటాయి. సింహాచలం అప్పన్న పేరు ఆడపిల్లకైతే అప్పలనర్సమ్మ. నూకాలమ్మ పేరు మగపిల్లాడికైతే నూకరాజు. పైడికీ పైడిరాజు, పైడమ్మ ఉన్నారు. పైడితల్లి మాత్రం ఎవరింటికెళ్లినా పైడితల్లే.

జపాన్‌లో ‘యుకి’ కూడా ఇద్దరికీ చెల్లే పేరు, కాకపోతే దాని దారి వేరు. ఒక అక్షరంతో రాస్తే మంచు, ఇంకో అక్షరంతో రాస్తే సంతోషం. మంచు అక్షరం కనిపిస్తే ఆడపిల్లేమో అనుకుంటారు. చెవికి ఆ సాయమూ లేదు. గౌరవానికి చేర్చే ‘సాన్’ ఇద్దరికీ ఒకటే, క్రియకి లింగం లేదు. యుకి వచ్చిన సంగతి తెలుస్తుంది గానీ, వచ్చింది అబ్బాయో అమ్మాయో తెలియదు.

మన క్రియ అలా ఊరుకోదు. ‘పైడితల్లి వచ్చాడు’ అనగానే పంచె కట్టేస్తుంది. ‘వచ్చింది’ అంటేనే చిక్కు: పక్కింటి పిల్ల వచ్చిందా, అమ్మవారు ఎవరి మీదకైనా వచ్చిందా? ఇక మర్యాదకి ‘పైడితల్లి గారు వచ్చారు’ అన్నామా, గజపతినగరమూ జపానే. ఓటరు జాబితా రాసేవాడు లింగం గడి దగ్గర కలం ఆపి, ‘మగా, ఆడా?’ అని అడగాల్సిందే.