కోలారు గనుల మీద చిన్న సీమ

మా కోలారు వైపు మాటల్లో ‘సీమ’కు రెండర్థాలున్నాయి. రాయలసీమలో ఉన్నది మన సీమ. సీమచింత, సీమసున్నం, సీమదొర అన్నప్పుడు మాత్రం అది సముద్రాల అవతలి సీమ, ఇంగ్లండు. కన్నడిగులు కిరసనాయిలును ఇప్పటికీ ‘సీమె ఎణ్ణె’ అంటారు. ఎక్కడినుంచో వచ్చి మన ఇళ్ళలో దీపమై వెలిగినా దాని పేరులోంచి పరాయితనం పోలేదు.

బంగారు గనుల దొరల సంగతీ దాదాపు అంతే. 1880లో మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ పుట్టింది మొదలు 1956లో గనులు ప్రభుత్వపరం అయ్యేదాకా డెబ్భై ఆరేళ్ళు వాళ్ళు ఇక్కడ సంసారాలు చేశారు. మూడు తరాల కాలం అది. అంతకాలం ఉన్నవాళ్ళను అతిథులనాలా, కాపురస్థులనాలా? ఆ ఊళ్ళో నేను బ్యాంకు ఉద్యోగం చేసిన రోజులనుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి లెడ్జర్లు తిప్పినవాణ్ణి. అందుచేత ఈ వ్యాసంలో జమాఖర్చుల వాసన కొంత తగిలితే పాఠకులు మన్నించాలి. 2018లో వచ్చిన సినిమా చూసి కె.జి.ఎఫ్. అంటే అదేననుకునేవారు మాత్రం దాన్ని కాసేపు పక్కన పెట్టి చదవాలని మనవి.

మొదట వచ్చిన దొర నిజానికి ఇంగ్లీషువాడు కూడా కాదు. లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఫ్రెంచి ప్రభువంశీకుడు. ఇటలీలో పుట్టి, బ్రిటిష్ సైన్యంలో 33వ రెజిమెంటులో చేరి, శ్రీరంగపట్నం యుద్ధం చూసినవాడు. టిప్పు పడిపోయాక 1802లో మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దు కొలవడానికి ఈ వైపు వచ్చాడు. ఉరిగాం, మారికుప్పం పల్లెల జనం మట్టి కడిగి బంగారు రవ్వలు తీస్తారని విన్నాడు. చూపించినవాళ్ళకు బహుమానం ఇస్తానన్నాడు. వాళ్ళు చూపించారు. ఆయన రాసుకున్నాడు. గనుల చరిత్ర రాసే ప్రతివారూ వారెన్‌ను ఇక్కడితో వదిలేస్తారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం తర్వాతి పనివల్ల. ఆయన మద్రాసు నక్షత్రశాల బాధ్యతలు చూశాడు, దక్షిణాది ప్రజలు సంవత్సరాన్నీ మాసాన్నీ తిథినీ ఎలా లెక్కిస్తారో ఇక్కడి పండితులను అడిగి తెలుసుకుని, 1825లో ‘కాల సంకలిత’ అనే పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1830లో పాండిచ్చేరిలో పోయాడు. మట్టిలో ఏముందని అడిగినవాడే మన పంచాంగంలో ఏముందని కూడా అడిగాడు. ఆ రెండో ప్రశ్న తర్వాత వచ్చిన గనుల దొరలలో చాలామందికి తోచలేదు.

రెండోవాడు మైఖేల్ ఫిట్జిరాల్డ్ లావెల్. ఐరిష్‌వాడు, న్యూజిలాండులో మావోరీల మీద యుద్ధం చేసి వచ్చి బెంగుళూరు కంటోన్మెంటులో స్థిరపడ్డ సిపాయి. వారెన్ రిపోర్టు చదివి 1871 ప్రాంతంలో ఈ దారి పట్టాడు. 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుని, 1875లో తవ్వుకునే హక్కు సంపాదించాడు. కాని గని తవ్వాలంటే ఆశ చాలదు, మూలధనం కావాలి. హక్కులు చేతులు మారి చివరకు లండనులోని జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణలోకి వచ్చాయి. లావెల్‌కు మిగిలింది బెంగుళూరులో ఆయన పేరున్న రోడ్డు. ఆ రోడ్డులో ఇవాళ్టి గజం ధర చూస్తే, బంగారం కన్నా అదే మేలనిపిస్తుంది.

టేలర్ కంపెనీ మనుషులను తెచ్చింది ఎక్కువగా కార్న్‌వాల్ నుంచి. ఇంగ్లండు నైరుతి కొసన సముద్రంలోకి పొడుచుకుని ఉన్న ప్రాంతం అది. అక్కడ రాగి గనులు 1866లో కుప్పకూలాయి. ఆ తర్వాత ఆస్ట్రేలియా, మలయా తగరం ముందు వాళ్ళ తగరం నిలవలేకపోయింది. భూమిని తొలవడం తప్ప మరో విద్య తెలియని ఆ జనం ఆస్ట్రేలియాకు, దక్షిణాఫ్రికాకు, అమెరికాకు, మన కోలారుకు చెదిరిపోయారు. ‘దొరలు’ అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాంగాని, వాళ్ళలో చాలామంది తాతతండ్రులు పొట్ట చేతబట్టుకుని గనిలోకి దిగినవాళ్ళే. వాళ్ళ ఊళ్ళో గని మేస్త్రీని కూడా ‘కెప్టెన్’ అంటారు, దానికీ సైన్యానికీ సంబంధం లేదు. డబ్బు అడుగంటి మైసూరు కంపెనీ మూతబడబోతున్న సమయంలో, పూర్వులు తవ్వి వదిలిన పాత గోతుల కిందే అసలు బంగారు చాలు ఉందని తేల్చిన ప్లమ్మర్ అలాంటి కెప్టెనే. అది 1880లలో మాట. ఆ చాలు పేరే ఛాంపియన్ రీఫ్.

ఇక్కడ నాకు కువైటు గుర్తొస్తుంది. కడప, చిత్తూరు జిల్లాల నుంచి కువైటు వెళ్ళినవాళ్ళు నెలనెలా ఇంటికి పంపే డబ్బుతో ఎన్ని ఊళ్ళలో మిద్దెలు లేచాయో మనకు తెలుసు. కార్న్‌వాల్‌లో కూడా ఇళ్ళు అలాగే నడిచాయి. మొగుడు సముద్రం అవతల గనిలో, పెళ్ళాం ఇక్కడ డ్రాఫ్టు కోసం ఎదురుచూపు. తేడా ఒక్కటే. కువైటులో మనవాడు పనివాడు. కోలారులో కార్న్‌వాల్ పనివాడు ఓడ దిగగానే దొర అయ్యాడు. ఇంటి దగ్గర తన అంట్లు తోముకున్న మనిషికి ఇక్కడ బట్లరు, ఆయా, చాకలి, తోటమాలి. ఓడప్రయాణం మూడు వారాలు, సూయజ్ కాలువ గుండా. ఆ మూడు వారాల్లో మనిషి అంతస్తు మారిపోయేది.

వాళ్ళ నిత్యజీవితం ఎలా ఉండేదో బంగళాలే చెబుతాయి. ఊరు సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రులు వాళ్ళకు కొంత ఇంటిని గుర్తు చేసి ఉంటాయి. వెడల్పు వరండా, చుట్టూ తోట, ఆ తోటలో గులాబీలు. క్లబ్బు, టెన్నిసు, గోల్ఫు, ఆదివారం ప్రార్థన. కార్న్‌వాల్ వాళ్ళు ఎక్కువమంది మెథడిస్టులు, పాటలంటే ప్రాణం. గనిలోకి తీసుకెళ్ళడానికి మాంసమూ బంగాళాదుంపా పెట్టి కాల్చిన ‘పాస్టీ’ వాళ్ళ సద్దిమూట. రాగిముద్ద తినే జిల్లాలో గోధుమపిండితో ఈ పాస్టీ చేయడం మన వంటవాళ్ళు నేర్చుకున్నారు. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే చదువుకు సీమకు పంపేవారు. కొన్నేళ్ళకొకసారి సీమ సెలవు. వారానికొకసారి సీమ టపా. ఈ ఊరిని వాళ్ళు ‘లిటిల్ ఇంగ్లండ్’ అన్నారు. చిన్న సీమ అన్నమాట. వచ్చినచోటును చూడకుండా, విడిచివచ్చిన చోటునే మళ్ళీ కట్టుకోవడానికి వాళ్ళు పడ్డ శ్రమ తక్కువది కాదు.

ఊళ్ళ పేర్లూ అలాగే పెట్టారు. రెసిడెంటు రాబర్ట్‌సన్ పేర రాబర్ట్‌సన్‌పేట, కమిషనర్ బౌరింగ్ పేర బౌరింగ్‌పేట. ఈ రెండోదాన్ని మనవాళ్ళు నోరు తిరిగేట్టుగా మార్చుకుని బంగారుపేట చేసేశారు. దొర పోయి బంగారం మిగిలింది. ఇది నాకు చాలా ఇష్టమైన అనువాదం.

బంగారుపేట నుంచి మారికుప్పానికి 1894లో రైలు వచ్చింది. 1902 జూన్‌లో శివసముద్రం నుంచి 92 మైళ్ళు తీగలు లాగి కరెంటు తెచ్చారు. ఈ పథకానికి పూనుకున్న దివాన్ శేషాద్రి అయ్యర్ అది చూడకుండానే అంతకు ముందు ఏడాది కన్నుమూశారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగడానికి మరో మూడేళ్ళు పట్టింది. కె.జి.ఎఫ్. గొప్పగా చెప్పుకునే సంగతి ఇది. చెప్పుకోవలసిందే. కాని ఆ కరెంటు వచ్చింది గని యంత్రాలకు. ఉత్తరార్కాడు, సేలం వైపు నుంచి వచ్చిన తమిళ కూలీలూ, కుప్పం, పలమనేరు వైపు నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళూ దశాబ్దాల తరబడి తడికల గుడిసెల్లోనే బతికారు. బంగారం దొంగిలిస్తారని గనినుంచి పైకి వచ్చిన కూలీని సోదా చేసేవారు. 1930లో, కూలీలందరి వేలిముద్రలూ తీసుకుని రిజిస్టరులో నమోదు చేస్తామన్నప్పుడు జనం తిరగబడి సమ్మె కట్టారు. ఆరువేల మైళ్ళు దాటి వచ్చినవాడిని ఎవరూ గుర్తింపు అడగలేదు, అరవై మైళ్ళ నుంచి వచ్చినవాడు వేలిముద్ర వేయాలన్నారు. ఈ ఊళ్ళో విదేశీయుడెవడో అక్కడ తేలిపోతుంది.

భాష మాటకొస్తే, అన్ని దశాబ్దాలు ఉండి దొరలు నేర్చింది ఎక్కువగా హుకుంల భాష. రా, పో, తే, తొందరగా. బట్లరు వాళ్ళ ఇంగ్లీషు నేర్చాడు, గని కూలీ ‘షాఫ్టు’, ‘కేజీ’, ‘లెవెలు’, ‘వించి’ అన్నీ తనవి చేసుకున్నాడు. అవసరం ఎవరిదైతే నేర్చుకునే భారం వాళ్ళదే. అందరూ అలాంటివారే అంటే అన్యాయం. బెంగుళూరులో పుట్టిన ఇంగ్లీషువాడు బెంజమిన్ లూయీ రైస్ ఈ జిల్లా శాసనాలను సేకరించి, ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా 1905లో ప్రకటించాడు. మన పల్లెల్లో తెలుగు ఎంత పాతదో చూపాలంటే నేటికీ ఆ సంపుటమే తీయాలి. గని దొరలకు పక్కనే ఉన్న ఆ రాళ్ళు కనబడలేదా అంటే, కనబడే ఉంటాయి. వాటిలో టన్నుకు ఎంత బంగారం ఉందన్నదే వాళ్ళ ప్రశ్న.

ఈ మాట అంటున్నప్పుడు నా వేలు మనవైపు కూడా తిరుగుతుంది. పరాయి రాష్ట్రాల్లో, పరాయి దేశాల్లో ముప్ఫై ఏళ్ళుగా ఉంటూ పక్కింటివాడి భాషలో హుకుంలు మాత్రమే నేర్చిన తెలుగువాళ్ళు నాకు తెలుసు. ముల్బాగలు, శ్రీనివాసపురం వైపు మనవాళ్ళకు ఆ రోగం లేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, గనుల్లో తమిళం, అన్నీ ఒకే నోట నడుస్తాయి. కైవారం తాతయ్య తత్త్వాలు ఏ భాషవని అక్కడ ఎవరూ తగాదా పడరు.

మా బ్యాంకు లెక్కల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఎవరిదో తేలని మొత్తాన్ని తేలేదాకా అందులో పడేస్తాం. దొరలవి సస్పెన్స్ బతుకులు కావు, వాళ్ళ ఖాతా సీమలో భద్రంగా ఉంది. ఆ ఖాతాలో నిజంగా చిక్కుకున్నవాళ్ళు ఆంగ్లో-ఇండియన్లు. గనుల్లో ఫోర్‌మన్లుగా, ఆస్పత్రిలో నర్సులుగా, బడిలో టీచర్లుగా ఉండి, ఎన్నడూ చూడని దేశాన్ని ‘హోమ్’ అన్నవాళ్ళు. స్వాతంత్ర్యం తర్వాత చాలామంది పిల్లలు ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో వెళ్ళిపోయారు. నేను కౌంటరులో ఉన్న రోజుల్లో, ఇస్త్రీ గౌను వేసుకుని టోపీ పెట్టుకుని ఒక ముసలమ్మ విదేశీ చెక్కు పట్టుకుని వచ్చేది. చెక్కు వసూలై రావడానికి వారాలు పట్టేది, రూల్సు అలాంటివి. ఆమె నాతో మొదట ఇంగ్లీషులో మాట్లాడి, ఆలస్యమవుతుందని చెప్పగానే మంచి మారికుప్పం తమిళంలోకి దిగేది. “కొడుకు రమ్మంటున్నాడు కదమ్మా, వెళ్ళకూడదా” అని ఒకసారి అడిగాను. “అక్కడ నాకు ఎవరు తెలుసు నాయనా” అంది, ఈసారి తెలుగులో.

1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది. తర్వాత అవి 1962లో కేంద్రానికి వెళ్ళాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి. దొరల కుటుంబాలు ఒక్కొక్కటే ఓడలెక్కాయి. వెళ్ళలేనివాళ్ళు సమాధుల తోటలో ఉన్నారు. గని ప్రమాదాలకూ జ్వరాలకూ దొరా కూలీ తేడా లేదు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకునే జబ్బుకు అసలే లేదు.

విదేశీయుల రాకపోకలు అంతటితో ఆగలేదు. ఈ సంగతి మనవాళ్ళకు తక్కువగా తెలుసు. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1950ల మొదట్లోనే కాస్మిక్ కిరణాల పరిశోధనకు ఈ గనుల్లోకి దిగారు. 1965లో జపాను ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం నుంచి మియాకే, ఇంగ్లండు డరమ్ విశ్వవిద్యాలయం నుంచి వుల్ఫెండేల్ బృందాలు మేనన్, శ్రీకంఠన్‌ల బృందంతో కలిసి, ఛాంపియన్ రీఫ్ గనిలో సుమారు రెండుంపావు కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ కనిపెట్టాయి. అదే ఏడు దక్షిణాఫ్రికాలో కూడా ఒక బంగారు గనిలోనే ఆ జాడ దొరికింది. దొరలు బంగారం కోసం దించిన గుంత, వాళ్ళు పోయాక ప్రపంచానికి ఇలా పనికివచ్చింది. ఈ పరదేశులు బంగళాలు కట్టుకోలేదు, ఊళ్ళకు పేర్లు పెట్టలేదు. కేజీలో కూలీలతో పాటు దిగి, పని చూసుకుని, ఫలితాన్ని అందరి పేరునా అచ్చువేసి వెళ్ళారు. జపాను వాళ్ళు 1980లలో ప్రోటాన్ ప్రయోగానికి మళ్ళీ వచ్చారు. 1992తో ఆ పనులు ఆగిపోయాయి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. నూట ఇరవై ఏళ్ళలో తీసిన బంగారం సుమారు 800 టన్నులు. ఊళ్ళో మిగిలినవి సయనైడ్ దిబ్బలు, మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గుంతల్లో ఊరిన నీళ్ళు, పెంకులు జారిన బంగళాలు. యంత్రాలు దింపడానికి వేసిన మారికుప్పం రైలుదారి మాత్రం ఇంకా నడుస్తోంది. తెల్లవారకముందే జనం సద్దిడబ్బాలు పట్టుకుని ఆ బండి ఎక్కుతారు. వేలమంది బెంగుళూరులో పనిచేసి, రాత్రికి మళ్ళీ ఇంటికి వస్తారు.