ఇరవై గుమ్మాల అవతల భర్త

1797 మార్చి 29, బుధవారం. లండన్ రచయిత విలియం గాడ్విన్ ఆ రోజు డైరీలో 'పాంక్' అని ముక్క రాసి ఊరుకున్నాడు. సెయింట్ పాంక్రస్ చర్చికి అది ఆయన వేసుకున్న పొడి గుర్తు. ఎవరిని కలిసిందీ, ఎవరింట భోంచేసిందీ, ఏ పుస్తకంలో ఎన్ని పేజీలు చదివిందీ దశాబ్దాల పాటు రోజూ రాసి పెట్టుకున్న మనిషి, తన పెళ్లి సంగతి మాత్రం అంతకు మించి రాయలేదు.

రాయడానికి మొహం చెల్లలేదనుకోవాలి. నాలుగేళ్ల కిందటే ఆయన 'పొలిటికల్ జస్టిస్' అనే పెద్ద గ్రంథం రాసి, ప్రభుత్వాలూ చర్చిలూ అక్కర్లేదని చెప్పి, పనిలో పనిగా పెళ్లిని కూడా ఏకిపారేశాడు. అది ఒక మనిషి మీద ఇంకో మనిషి సాగించే గుత్తాధిపత్యమనీ, గుత్తాధిపత్యాలన్నిటిలోకీ అదే నీచమైనదనీ ఆయన వాదన. అలాంటివాడు నలభై ఒకటో ఏట ఒక్క స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, గుట్టుచప్పుడు కాకుండా చర్చి మెట్లెక్కాడు.

పెళ్లికూతురు మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్. ఆడవాళ్లకు చదువూ ఆలోచనా మగవాళ్లతో సమానంగా ఉండాలని 1792లో 'ఎ విండికేషన్ ఆఫ్ ది రైట్స్ ఆఫ్ ఉమన్' రాసి దేశాన్ని కుదిపిన మనిషి. పెళ్లినాటికి ఆమెకు నాలుగు నెలలు నిండి ఐదో నెల నడుస్తోంది.

వేవిళ్ల బాధ, భయం, ఈ సంగతి ఎవరికి ఎలా చెప్పాలన్న దిగులు, అన్నీ ఆ చలికాలంలోనే గడిచాయి. ఇక్కడ మనం చూడబోయేది ఆ తర్వాతి రోజులు. మన ఇళ్లలో ఐదో నెల చలిమిడికీ ఏడో నెల శ్రీమంతానికీ నడుమ గడిచే కాలం. ఒంట్లో కాస్త తేరుకుని, కాన్పు ఇంకా దూరంగానే ఉండి, మొగుడూ పెళ్లాం ఒకరినొకరు కొత్తగా చూసుకునే నెలలు. ఈ దంపతుల విషయంలో ఆ నెలలు దాదాపు రోజువారీగా మనకు తెలుసు.

వాళ్లిద్దరి పరిచయం మొదలైంది గొడవతో. 1791 నవంబరులో ప్రచురణకర్త జోసెఫ్ జాన్సన్ ఇంట్లో విందు. రాజకీయ రచయిత టామ్ పెయిన్ మాటలు విందామని గాడ్విన్ వెళితే, పెయిన్‌ని మాట్లాడనివ్వకుండా మేరీయే మాట్లాడిందట. ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ విడిపోయారు. తర్వాత ఆమె ఫ్రెంచి విప్లవం చూడ్డానికి పారిస్ వెళ్లింది. అక్కడ గిల్బర్ట్ ఇమ్లే అనే అమెరికన్‌ని ప్రేమించి, పెళ్లి లేకుండానే 1794లో ఫానీ అనే కూతుర్ని కన్నది. అతను వదిలేశాడు. 1795లో ఆమె రెండుసార్లు చావబోయి బతికింది. 1796లో గాడ్విన్‌తో మళ్లీ కలిసింది. ఈసారి గొడవ పడలేదు.

మరి పెళ్లెందుకు? లోకం కోసం. తండ్రి అండ లేని బిడ్డను ఒంటరిగా పెంచడమంటే ఏమిటో ఫానీ విషయంలో ఆమె అనుభవించింది. మళ్లీ అదే బరువు తలకెత్తుకునే ఓపిక లేదు. ఆమె అప్పులు తీర్చడానికి గాడ్విన్ పింగాణీ వ్యాపారుల కుటుంబానికి చెందిన థామస్ వెడ్జ్‌వుడ్ దగ్గర యాభై పౌన్లు అడిగి తెచ్చాడు. దేనికో మాత్రం పెళ్లయ్యాకే చెప్పాడు. మిత్రురాలు మేరీ హేస్‌కు పెళ్లి కబురు రాస్తూ, మేరీ అప్పటిదాకా వాడుతున్న ఇమ్లే పేరు వదిలించుకోవడానికి గాడ్విన్ పేరు పెట్టుకోవడం కంటే దగ్గరి దారి కనిపించలేదని హాస్యమాడాడు. మిసెస్ గాడ్విన్ అనే ఈ కొత్త శాల్తీ ఎవరని అదే ఉత్తరంలో ఆశ్చర్యపోయాడు కూడా.

ఏప్రిల్ 6న సోమర్స్ టౌన్‌లోని పాలిగన్‌లో 29వ నంబరు ఇంట్లో చేరారు. తోట చుట్టూ వలయంగా కట్టిన ఇళ్లు అవి. అవతల పొలాలు. ఫ్రెంచి విప్లవం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఎంతోమంది ఆ పేటలో తలదాచుకున్నారు. ఇక్కడ గాడ్విన్ తన సిద్ధాంతానికి ఒక సవరణ చేసుకున్నాడు. పెళ్లయితే చేసుకున్నాడు గానీ ఒకే ఇంట్లో పగలంతా ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చోవడం ప్రేమకు చేటని ఆయన నమ్మకం. అందుకని ఇరవై గుమ్మాల అవతల, ఈవ్‌షామ్ బిల్డింగ్స్‌లో గదులు అద్దెకు తీసుకున్నాడు. పొద్దున్నే అక్కడికి వెళ్లి చదువుకుంటాడు, రాసుకుంటాడు. భోజనం వేళకు ఆమె దగ్గరికి వస్తాడు. నాటకాలకు, విందులకు ఎవరి స్నేహితులతో వాళ్లు వెళతారు. ఇది ఆయన ఒక్కడి పట్టుదల కాదు. పెళ్లయినా ఇద్దరం మునుపటిలాగే ఎవరికి వారు తిరగాలన్నది తన కోరిక కూడానని మేరీ ఒక స్నేహితురాలికి రాసింది.

ఈ ఏర్పాటు వల్ల చరిత్రకు ఒక మేలు జరిగింది. ఇద్దరి మధ్యా రోజంతా చీటీలు నడిచాయి. అన్నానికి వస్తావా, ఆ పుస్తకం పంపు, నిన్న అలా అన్నావేం, ఈ రోజు ఒంట్లో బాగాలేదు. ఒకే కప్పు కింద కాపురం చేసి ఉంటే ఈ మాటలన్నీ గాలిలో కలిసిపోయేవి.

ఆ చీటీల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఏప్రిల్ 11 నాటిది. కొత్తింట్లో చేరి వారం కూడా కాలేదు. వంటింటి తొట్టి బాగాలేదు. ఇంటి యజమానితో గట్టిగా మాట్లాడమంటే గాడ్విన్ మాట్లాడడు. పనివాళ్లతో, దుకాణదార్లతో తగువులన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. ఒంట్లో నలతగా ఉంది. రాయాల్సిన నవల బల్ల మీద అలాగే ఉంది. పనిచేసుకునే మరెవరి సమయంతోనైనా నా సమయమూ సమానమేనని ఆమె భర్తకు గుర్తుచేయాల్సి వచ్చింది. ఇలాంటి పనులన్నీ తనమీదే పడతాయని లోకం ముందే తీర్మానించేసిందని ఆమె కినుక.

స్త్రీ హక్కుల మీద పుస్తకం రాసిన మనిషి, పుస్తకం అచ్చయిన ఐదేళ్లకు, ఐదో నెల కడుపుతో, న్యాయమంటే ఏమిటో రెండు సంపుటాలు రాసిన భర్తకు వంటింటి తొట్టి గురించి చీటీ రాస్తోంది. గాడ్విన్ చెడ్డవాడు కాదు. వేరు గదుల ఏర్పాటును ఇద్దరి స్వేచ్ఛ కోసమనే నిజంగా నమ్మాడు. కానీ గదులు రెండైనా సంసారం ఒక్కచోటే ఉంది. ఆ ఒక్కచోట ఉన్న మనిషి మేరీ. ఇరవై గుమ్మాల దూరం ఆయనకు ఇచ్చిన తీరికను ఆమెకు ఇవ్వలేదు. ఈ లెక్క ఆయన గ్రంథంలో ఎక్కడా లేదు.

లోకం కోసం చేసుకున్న పెళ్లిని లోకం మెచ్చుకుందా అంటే అదీ లేదు. గాడ్విన్‌ని చేసుకుందంటే అంతకుముందు ఇమ్లేతో పెళ్లి కానట్టే కదా! అన్నాళ్లూ ఆమెను మిసెస్ ఇమ్లే అని పిలుస్తూ తెలియనట్టు నటించినవాళ్లకు ఇక నటించే వీలు లేకుండా పోయింది. నవలలూ నాటకాలూ రాసే ఎలిజబెత్ ఇంచ్‌బాల్డ్ ఏప్రిల్ 19న నాటకశాలలో అందరూ వింటుండగా మేరీని అవమానించింది. ఆ మాటలు ఎంత నీచంగా, క్రూరంగా ఉన్నాయో గాడ్విన్ చాలాకాలం మరిచిపోలేదు. ఆ రోజుల్లో రంగస్థలానికి మహారాణి అనిపించుకున్న సారా సిడన్స్ కూడా రాకపోకలు మానేసింది. ఆ తర్వాత వారం రోజులకు మేరీకి ముప్పై ఎనిమిది నిండాయి.

నార్ఫోక్‌లో ఉన్న అత్తగారు మాత్రం సంతోషించింది. ఆమె గొప్ప దైవభక్తురాలు, కొడుకు నాస్తికుడు. పెళ్లి చేసుకోనన్న ఒట్టు గట్టున పెట్టావు గనుక, దేవుడి విషయంలోనూ నీ మనసు మారుతుందేమోనని ఆశగా ఉందని కొడుక్కి రాసింది. పనిమనిషికి పనికొస్తుంది, ఈకల పరుపు ఒకటి పంపనా అని అడిగింది. ఇంటికి జనాన్ని పిలిచి విందులు చేయకండి, దానివల్లే మీ తమ్ముడు చితికిపోయాడు అని జాగ్రత్త చెప్పింది. ఈ పెళ్లి మీద పుట్టిన వ్యాఖ్యలన్నిటిలోకీ తెలివైనవి ఈ ముసలావిడవే అనిపిస్తుంది.

ఇంతలో కడుపులో బిడ్డ కదలడం మొదలైంది. అప్పట్లో ఆ కదలికే అసలు సాక్ష్యం. వైద్యుడికైనా, న్యాయస్థానానికైనా కడుపులో ప్రాణం ఉందని తెలియడానికి అదే ఆధారం. ఉరిశిక్ష పడిన స్త్రీ తాను గర్భవతినంటే ఇంగ్లండు కోర్టులు పెద్ద ముత్తైదువల బృందాన్ని పిలిచి, బిడ్డ కదులుతోందో లేదో చూసి చెప్పమనేవి. స్టెతస్కోపు 1816లో గానీ రాలేదు. దాన్ని గర్భిణి పొట్ట మీద ఆనించి బిడ్డ గుండె చప్పుడు విన్న సంగతిని ఫ్రెంచి వైద్యుడు కెర్గరడెక్ 1821లో ప్రకటించాడు. గాడ్విన్ లాంటి తండ్రికి మిగిలింది భార్య చెబితే వినడం. ఆయన ఊళ్లో లేకపోతే, ఆమె రాస్తే చదువుకోవడం.

సరిగ్గా అప్పుడే ఆయన ఊరు వెళ్లాడు. జూన్ 3న బేసిల్ మాంటెగ్యూ అనే కుర్ర మిత్రుడితో గుర్రపు బండెక్కి స్టాఫర్డ్‌షైర్‌లోని ఎట్రూరియాకు బయల్దేరాడు. అక్కడ వెడ్జ్‌వుడ్ల పింగాణీ కర్మాగారం ఉంది. మేరీకి ఏడో నెల. బిడ్డ మగపిల్లవాడే అని ఇద్దరూ తీర్మానించేసుకున్నారు. పేరు కూడా పెట్టేశారు, విలియం అని.

జూన్ 5న గాడ్విన్ దారిలో నుంచి రాసిన ఉత్తరం, ఆయన గ్రంథాలు మాత్రమే చదివినవాళ్లు నమ్మలేనంత మెత్తగా ఉంటుంది. నీ స్థితిలో రాగల ప్రమాదాలన్నీ ప్రతి క్షణం గుర్తొస్తున్నాయన్నాడు. నువ్వెలా ఉన్నావో, ఏమనిపిస్తోందో ఎప్పటికప్పుడు నాకు తెలియజేసే అదృశ్య బంధమేదైనా ఉంటే బాగుండునన్నాడు. నీ ఒళ్లూ జాగ్రత్త, విలియమూ జాగ్రత్త అన్నాడు. లండన్‌లో తల్లి కడుపులో ఉన్న బిడ్డ సంగతి స్టాఫర్డ్‌షైర్ దారిలో తండ్రికి ఎలా తెలుస్తుంది? కడుపులోని బిడ్డను తెర మీద చూపించే అల్ట్రాసౌండ్ పద్ధతిని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం ప్రకటించింది 1958లో. గాడ్విన్ కోరికకు నూట అరవై ఏళ్ల తర్వాత.

మేరీ జూన్ 6న జవాబు రాసింది. నువ్వెళ్లిన మర్నాడు ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు కులాసా, నువ్వు తలుచుకున్నావని చెబితే విలియం గారు సంతోషం పట్టలేక గంతులేశారు, ఆ అల్లరి తప్ప ఇబ్బందేమీ లేదు అంది. ఆ చిన్న ప్రాణి మీద ప్రేమ మొదలైందనీ, ఇద్దరి మధ్య పడ్డ ముడికి అది ఇంకో మెలిక అనీ, ఆ ముడి విప్పుకోవాలని లేదనీ రాసింది. మొగుడు అనేవాడు ఇంట్లో వాటంగా ఉండే సామానే గానీ కదలని మొద్దు సామాను కాకూడదని ఎగతాళి చేసింది. ఎప్పుడూ మోచేతి పక్కనే ఉండక్కర్లేదు అంటూనే, ఈ క్షణాన ఉన్నా ఫర్వాలేదని చేర్చింది. మగవాళ్లకు మనసు విప్పి చెబితే చెడిపోతారని తెలిసినా, అనుకున్న దానికన్నా నీ మీద ఎక్కువ ప్రేమ ఉందని ఒప్పేసుకుంది.

గాడ్విన్ ఉత్తరాల్లో మూడేళ్ల ఫానీకీ చోటుంది. ఇమ్లే కూతురు ఆ పిల్ల. నేనెక్కడున్నానో ఫానీని అడుగు, చాలా దూరం వెళ్లాడు, ఇంకా దూరం వెళుతున్నాడు, కానీ వెనక్కి తిరిగి వచ్చేస్తాడని చెప్పు అంటాడు. ఎట్రూరియాలో ఆమె కోసం ఒక కప్పు ఎంచాడు. దాని మీద 'ఎఫ్' అక్షరాన్ని ఆకుపచ్చా నారింజా రంగుల పూలదండగా తీర్చారు. మేరీ రాసి విడిచిపెట్టిన 'లెసన్స్' అనే చిన్న వాచకంలో ఒక తల్లి కూతురికి పాఠాలు చెబుతూ, ఇంట్లోని పసి తమ్ముణ్ణి చూపిస్తుంది. ఆ తమ్ముడి పేరు విలియం.

ప్రయాణం మాత్రం అనుకున్నదానికన్నా సాగింది. చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్‌ని చూద్దామని డెర్బీలో ఆగితే ఆయన ఊళ్లో లేడు. తిరుగుదారిలో కోవెంట్రీలో పాత కథల్లోని లేడీ గొడైవా పేరిట జరిగే ఊరేగింపు చూడాలని బుద్ధి పుట్టింది. వస్తాడన్న రోజు దాటింది. ఉత్తరాలూ మారాయి. మొదటివాటిలో భార్య కనిపిస్తుంది, చివరివాటిలో ఊళ్లూ మనుషులూ కనిపిస్తారు. జూన్ 19న మేరీ కడిగేసింది. ఈ మధ్య నువ్వు రాసినవి ఎవరికైనా రాసి ఉండొచ్చు, ఎక్కడెక్కడ తిరిగావో నీకు గుర్తుండటానికి పనికొస్తాయి అంది. నన్ను రాయో కర్రో అనుకుంటే తప్ప, బండెక్కాక ఆలోచించడమూ మరిచావు, స్పందించడమూ మరిచావు అనుకోవాలి అంది. మర్నాడు ఆయన ఇల్లు చేరాడు.

ఈ తగవులో నేను మేరీ పక్షమే. ఏడో నెల గర్భిణి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఊరేగింపు కోసం బండి ఆపడానికి ఏ తత్వశాస్త్రమూ సాకు కాదు. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. ఇంత నిర్మొహమాటంగా తిట్టగలిగిన భార్యలు ఆ కాలంలో ఎందరుంటారు? ఆ తిట్టిన కాగితాన్ని చింపకుండా దాచుకున్న భర్తలు ఎందరుంటారు?

ఆగస్టు 30న నొప్పులు మొదలయ్యాయి. ఆ పగలు మేరీ మూడు చీటీలు పంపింది. ఒకదానిలో, కాలక్షేపానికి వార్తాపత్రికో పుస్తకమో పంపమంది. ఆ రాత్రి పదకొండున్నర కావస్తుండగా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మాయ పూర్తిగా పడకపోవడంతో వైద్యుడు చేత్తో ముక్కలుగా తీశాడు. కాన్పు చేసేవాళ్ల ద్వారానే బాలింతలకు విషజ్వరం పాకుతుందని స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ గోర్డన్ అప్పటికి రెండేళ్ల ముందే అచ్చువేసినా, పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ జ్వరంతోనే సెప్టెంబరు 10 పొద్దున మేరీ పోయింది. పెళ్లినాడు ఒక్క మాట రాసిన డైరీలో గాడ్విన్ ఆ రోజు వేళ మాత్రం రాసి, కింద ఖాళీ గీతలు గీశాడు.

ఆడపిల్లకు తల్లి పేరే పెట్టారు. విలియం అన్న పేరు మాత్రం ఆ ఇంట్లో ఎదురుచూస్తూనే ఉంది. 1801లో గాడ్విన్ పాలిగన్‌లోనే పక్కింటి మేరీ జేన్ క్లెయిర్‌మాంట్‌ని పెళ్లాడాడు. 1803లో వాళ్లకు పుట్టిన కొడుక్కి ఆ పేరు దక్కింది. మేరీ కూతురు మేరీ, పెద్దయి కవి షెల్లీతో వెళ్లిపోయి, పెళ్లికి ముందే 1816 జనవరిలో పుట్టిన తన కొడుక్కి మళ్లీ అదే పేరు పెట్టింది. ఆ పిల్లవాడికి ఆరు నెలలైనా నిండకముందే ఆమె ఒక నవల మొదలుపెట్టింది. 1818లో అచ్చయిన ఆ 'ఫ్రాంకెన్‌స్టైన్'లో రాక్షసుడి చేతిలో మొదట చనిపోయేది విలియం అనే చిన్న పిల్లవాడు.