మెట్లు లేని ఆనకట్టలు

రాజోలి అనగానే మగ్గాలు గుర్తొస్తాయి, లేదంటే 2009 అక్టోబరులో తుంగభద్ర ఊరిని ముంచేసిన రోజులు. చేపల గురించి ఎవరూ అడగరు. కానీ ఆనకట్టకీ చేపకీ మధ్య నడిచిన పాత తగాదాలో ఒక ముక్క ఈ ఊరి పక్కనే ఉంది: సుంకేసుల.

1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ ఇక్కడ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువ తవ్వించింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, డబ్బు లండన్ వాటాదారులది. లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. ఈ కథ ఎవరు చెప్పినా నీళ్ళూ డబ్బూ దగ్గరే ఆగిపోతారు.

సరిగ్గా అదే కాలంలో ఇంగ్లండులో ఇంకో కథ నడుస్తోంది. 1861 సాల్మన్ చట్టం ప్రకారం, సాల్మన్ తిరిగే నదిలో కొత్తగా అడ్డుకట్ట కట్టేవాడు చేప పైకెక్కడానికి దారి వదలాలి. అక్కడ చేపకి చట్టం ఉంది, ఇక్కడ లేదు. తమాషా ఏంటంటే, నది వెడల్పంతా మూసేసే ఆనకట్టల వల్ల తీరంలో చేపల వేట దెబ్బతినొచ్చని అప్పట్లోనే గుర్తుచేసినవాళ్ళలో కాటన్ కూడా ఉన్నాడు. ఆ తర్వాత ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు దేశమంతా తిరిగి 1873లో పెద్ద నివేదికే రాశాడు. అయినా సాల్మన్ కోసం పుట్టిన మెట్లు మన పులసకి అంతగా పనికిరావు. సాల్మన్‌లా అది ఎగిరి దూకదు. ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. కృష్ణలో అయితే 1855 బెజవాడ ఆనకట్టతోనే సముద్రపు చేపకి తుంగభద్ర దారి మూసుకుపోయింది.

మిగిలింది నదిలోనే పుట్టి, తొలి వరదకి ఎదురీది గుడ్లు పెట్టే చేప. దాని పైన 1953లో తుంగభద్ర డ్యామ్, కింద 1981కల్లా 145 మీటర్ల శ్రీశైలం. ఇక నీళ్ళు ఎప్పుడు కదలాలో వానతో పాటు టర్బైన్లు కూడా చెప్తాయి. అమెరికాలో గ్రాండ్ కూలీ డ్యామ్ కింద కెటిల్ జలపాతం మునిగిపోయే ముందు, 1940లో అక్కడి తెగలు సాల్మన్ కోసం మూడు రోజులు కూడి ఏడ్చాయి. మనం శ్రీశైలం ముంపులో ఊళ్ళు, పొలాలు, గుళ్ళు లెక్కపెట్టాం. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టాం కూడా. ఆ పని తప్పనను, గుడి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. చేపల లెక్క మాత్రం ఎవరి ఖాతాలోనూ పడలేదు.

దీనికి మందు 1957లోనే దొరికిందనుకున్నారు. ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం సూది వేసి చేపలచేత గుడ్లు పెట్టించాడు. గొప్ప శాస్త్రమే. నిలవ నీటిలో గుడ్లు పెట్టని బొచ్చె, రాగండిలని హేచరీల్లో పుట్టించి రిజర్వాయర్లలో వదలడం దానివల్లే కుదిరింది. కానీ దాంతో పుట్టి మీద వలేసే మనిషి నదిని నమ్ముకోవడం పోయి, చేపపిల్లల లారీని నమ్ముకోవాల్సి వచ్చింది. పిల్లలు ఎన్ని, ఏ సైజువి, ఏ నెలలో వస్తాయి? ఆలస్యమైతే ఆ ఏడాది అంతే. వచ్చినా సరే, కొల్లాపూర్, సోమశిల వైపు శ్రీశైలం వెనక నీళ్ళలో నిషేధం ఉన్న అలివి వలలు తిరుగుతుంటాయి. దోమతెరంత సన్నటి కన్నుతో, వేలెడంత పిల్లల్ని కూడా ఊడ్చుకుపోతాయి.