స్త్రీవాదిని యను పేరును, జహీరాబాదు సంఘములును

తెలుగున స్త్రీవాదమను మాట ప్రాచీనప్రయోగము కాదు. 1980 తరువాతి దశకమున వ్యాప్తి నొంది, 1993 లో వెలువడిన ‘నీలిమేఘాలు’ అను కవితాసంకలనముతో సాహిత్యమున నిలుకడ గన్నది. స్త్రీలు తమ స్థితినిగూర్చి తర్కించుట యంతకు జాల పూర్వమే కలదు. భండారు అచ్చమాంబగారు (1874–1905) ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ను రచించిరి. 1930 లో జోగిపేటయందు నైజాము రాష్ట్రపు ప్రథమాంధ్రమహాసభ సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగినపుడు, దానితోడనే మహిళాసభయు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను జరిగెను. వీరెవ్వరును తమ్ము స్త్రీవాదినులని చెప్పుకొన్నవారు కారు. అప్పటికి మాటయే లేదు గదా. కొందఱు స్త్రీలు ఆ పేరు పెట్టుకొనుటకు జంకుదు రేల యను ప్రశ్న, పేరు పుట్టిన పిమ్మటనే పుట్టినది. దానిని విచారించుటకు, నేడు జోగిపేటతో నొక్క జిల్లాలోనే యున్న జహీరాబాదు ప్రాంతము మిక్కిలి యనుకూలమైనది.

మొదట శబ్దమును పరిశీలింపవలెను. ‘స్త్రీవాద’ శబ్దముపై మత్వర్థమున ఇని ప్రత్యయము చేర్చి, స్త్రీత్వమున ఙీప్పు చేయగా ‘స్త్రీవాదిని’ యగును. స్త్రీలనుగూర్చిన వాదము కలది యని యర్థము. అనగా ఈ పేరు పొందుటకు ముందుగా నొక వాదము తనకు సొంతమై యుండవలెను. అదియు గాక, తెనుగువాడుకలో వాదియనగానే న్యాయస్థానము మనస్సునకు వచ్చును. వాది యున్నచో ప్రతివాది యెవ్వడని యడుగక మానరు. ఇల్లాలు తన్ను వాదిని యని చెప్పుకొన్న నాడు, ప్రతివాది యింటిలోనే యున్నాడని లోకము నిశ్చయించును. పురుషద్వేషిణి యను నింద యిట్లు వచ్చినదే. ఈ భయముచేత వెనుదీయువారు కొందఱు కలరు. వారి జంకు లోకము పెట్టినదే కాని వారు విచారించి చేసికొన్న నిర్ణయము కాదు. జహీరాబాదు విషయము వేఱు.

ఈ తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. రాష్ట్రపునర్విభజనమున మెదకు జిల్లాకును, 2016 లో సంగారెడ్డి జిల్లాకును జేరినది. తెలుగు, కన్నడము, ఉర్దూ కలగలుపుగా వినబడు నేల, నీటివసతి తక్కువ. 1983 లో నేర్పడిన దక్కను అభివృద్ధి సంఘము పస్తాపూరు గ్రామము కేంద్రముగా నిచ్చటి పల్లెలలో స్త్రీల సంఘములను గూర్చెను. వానిలో జేరినవారు పెక్కండ్రు దళితస్త్రీలు, కూలిబ్రతుకువారు. కొందఱికి భూమి లేదు. ఉన్నవారికి నున్నది రాళ్లనేల. ఆ కాలముననే చౌకబియ్యము రాష్ట్ర మంతటను వచ్చెను. బియ్యము దొరకుటతో జొన్నచేలు బీళ్లుపడుటయు మొదలాయెను. సంఘపు స్త్రీలు బీళ్లను సాగులోనికి దెచ్చిరి, కౌలునకు భూములు గొనిరి, జొన్న, కొఱ్ఱ, సామ, కంది మొదలగువానిని గలిపి చల్లిరి. 1990 దశకమున, సాగునకై యిచ్చిన యప్పును ధాన్యరూపమున మఱల రాబట్టి, ఆ జొన్నలను ఊరి బీదలకు దక్కువవెలకు బంచునేర్పాటు చేసిరి. ఏయింట నెవరికి దిండి చాలదో నిర్ణయించినవారును వారే. ఇది చిన్నపని కాదు. కరణము వ్రాసిన పట్టీలతో నడచిన పల్లెలో, అక్షరము రాని కూలిస్త్రీలు ఊరి లెక్క తేల్చుట చరిత్రలో వ్రాయదగిన విషయము.

ఈ స్త్రీలకు ప్రసిద్ధమైన పేరు ‘సంఘము’వారు. వాదమను మాట దానిలో లేదు. సంపూర్వకమైన హన్ ధాతువునుండి గణార్థమున సంఘశబ్దమును బాణిని నిపాతించెను. హింసార్థక ధాతువు కూడికయను నర్థమునకు వచ్చుట చూడ వింతగనే యుండును! వాదినికి వాదము కావలెను. సంఘమునకు వచ్చి కూర్చుండుట చాలును. పేరునందలి యీ భేదమే యాచారమునందును గానవచ్చుచున్నది. వీరి రేడియోకును నదియే పేరు. ఆకాశతరంగములు ప్రజల సొత్తని సుప్రీముకోర్టు 1995 లో తీర్పు చెప్పెను. సామాజిక సంస్థలకు రేడియో ననుమతించు విధానము 2006 లో వచ్చెను. 2008 అక్టోబరు 15 న మాచునూరునందు ‘సంఘం రేడియో’ 90.4 మెగాహెర్ట్జులపై మొదలాయెను. ప్రారంభించినవారు, ఆ తీర్పు చెప్పినవారిలో నొకరైన న్యాయమూర్తి సావంతుగారు. అందు మాటలాడినవారు, యంత్రములు నడపినవారు సంఘపు స్త్రీలే.

పేరునెడ సంకోచము దేశాంతరములందును గలదు. ఆలిస్ వాకరు అను నల్లజాతి రచయిత్రి 1983 లో ‘వుమనిస్టు’ అను మాటను, తల్లులు కూతుండ్ర నుద్దేశించి యాడు మాటనుండి గైకొనెను. ‘మానుషి’ పత్రికా సంపాదకురాలు మధు కిశ్వరు 1990 లో, తాను ఫెమినిస్టు నని చెప్పుకొనకుండుటకు గారణములను వ్యాసముగా వ్రాసెను. పాశ్చాత్యోద్యమము తన యవసరములకు జేసికొన్న పేరు అన్యదేశస్త్రీల కనుకరణమునే మిగుల్చు నని యామె యాశంక. తెలుగున ‘నల్లపొద్దు’ (2003) సంకలనముతో దళితరచయిత్రులు, స్త్రీవాదమున దమ పొలము, తమ కూలి, తమ యంటరానితన మెచ్చట నున్నవని యడిగిరి. ఈ యడుగుట నిరాకరణము కాదు. ఇంటి పురుషు డొక్కడే ప్రతివాదియైనచో, భూస్వామియు, అప్పులవాడును, వాన లేని యాకాశమును దప్పించుకొందురు గదా.

కాని యిచ్చట నొక జాగ్రత్త వలయును. ‘స్త్రీలే యా పేరు వలదనుచున్నారు, ఇంక వాదమేల’ యని సంబరపడువారు కలరు. వారి తర్కము నిలువదు. భూమి, విత్తనము, పదిమందిలో మాట: సంఘమువా రార్జించినవి యివి, స్త్రీవాదినులు కోరినవియు నివియే. పేరు లేనంతమాత్రమున బని లేదనుట యన్యాయము. పని యున్నదని పేరు బలవంతముగా నంటగట్టుట యంతకంటె నన్యాయము. స్త్రీశక్తి సంఘటనవారు 1986 లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’యం దీ మర్యాద పాటింపబడినది. తెలంగాణ సాయుధపోరాటమున బాల్గొన్న స్త్రీల మాటలను వారి మాటలుగానే యుంచి, అడిగినవారి యభిప్రాయమును వేఱుగా జెప్పిరి.

2019 లో ఐక్యరాజ్యసమితి యభివృద్ధి శాఖవా రొసగు ఈక్వేటరు బహుమానము జహీరాబాదు సంఘములకు వచ్చెను. శీతోష్ణస్థితి మార్పునకు బ్రకృతివలన బరిహారము చూపినందులకని దాని హేతువు. బహుమాన మిచ్చినవారి పట్టికలో బర్యావరణము, తిండి లెక్కలలో చిరుధాన్యములు, సాంకేతికుల పుస్తకములలో రేడియో. పల్లెలో మాత్రము వేపాకును బూడిదయు గలిపి విత్తనము దాచినది ఫలానా వీధి సంఘపామె యని చెప్పుదురు.