అమరావతి మహాచైత్యం: పరిశోధన చరిత్ర

అమరావతి మహాచైత్యం పల్నాడు జిల్లాలో కృష్ణ ఒడ్డున, ప్రాచీన ధాన్యకటకం పక్కన వెలసిన బౌద్ధ స్తూపం. దీని శిల్పాలను పలనాటి సున్నపురాతిలో చెక్కారు. గతాన్ని గురించిన జ్ఞానం పరిశీలన, నమోదు, ఊహ, పరీక్ష అనే మెట్ల మీదుగా ఎలా పోగవుతుందో ఈ ఒక్క దిబ్బ మీద జరిగిన రెండు శతాబ్దాల పని స్పష్టంగా చూపుతుంది.

తొలి ప్రస్తావనలు

చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ 7వ శతాబ్దంలో ధాన్యకటకాన్ని దర్శించాడు. ధర్మకీర్తి అనే స్థవిరుడు ఇక్కడి విగ్రహగృహాన్ని బాగుచేయించినట్లు శ్రీలంకలోని గడలదేనియ శాసనం (1344) చెబుతుంది. తర్వాతి నాలుగున్నర శతాబ్దాల్లో స్తూపం మట్టిదిబ్బయింది. ఊరివాళ్లు దాన్ని దీపాలదిన్నె అన్నారు.

మెకంజీ కాలం

1796 ప్రాంతంలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసాన్ని చింతపల్లి (నేటి అచ్చంపేట మండలం) నుంచి అమరావతికి మార్చాడు. కొత్త ఊరి కట్టడాలకు ఇటుక, రాయి కావలసివచ్చి దిన్నెను తవ్వించాడు. చెక్కడపు రాళ్లు బయటపడ్డాయని విని సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1798లో వచ్చి చూశాడు. ఆయన వ్యాసం 1807లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’లో అచ్చయింది.

1816లో ఆయన మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం చెరువైపోయింది. అప్పుడు మెకంజీ చేయించిన పని అపురూపమైనది. చిత్రకారులను పెట్టి స్తూపం నేలపటాన్ని, ఒక్కొక్క పలకను కొలతలతో శ్రద్ధగా గీయించాడు. ఆ పలకల్లో కొన్ని తర్వాత కనబడకుండా పోయాయి; వాటికి ఇప్పుడు ఆ బొమ్మలే సాక్ష్యం. ఆయన చేపట్టిన చరిత్ర సేకరణకు వెన్నెముకగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు: వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. శాసనాలకు నకళ్లు తీయడం, కైఫియత్తులు (ఊళ్ల చరిత్రలు) రాయించడం, ఊరి పెద్దలను అడిగి తెలుసుకోవడం వారి పద్ధతి.

తరలింపులు, పెద్ద తవ్వకం

1845లో గుంటూరు కమిషనర్ వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. అక్కడ వాటిని అధ్యయనం చేసిన జేమ్స్ ఫెర్గూసన్ 1868లో గ్రంథం వెలువరించి, స్తూప ప్రాకారం క్రీ.శ. 4వ శతాబ్దానిదని ప్రతిపాదించాడు.

1877లో రాబర్ట్ సీవెల్ కొంత మేర తవ్వి, ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసిపెట్టాడు. 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ఆదేశంతో మిగిలిన దిబ్బంతా తొలగించారు. ఏ వస్తువు ఏ పొరలో ఉందో చెప్పే ఆధారం ఆ మట్టితోపాటే పోయింది. 1881లో జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది పెద్ద గొయ్యి, చుట్టూ పడి ఉన్న పలకలు. ఆయన వాటిని నమోదు చేసి 1887లో ప్రకటించాడు. శాతవాహన రాజు పులుమావి పేరున్న శాసనం వెలుగులోకి రావడంతో ఫెర్గూసన్ కాలనిర్ణయం నిలవలేదు, ప్రాకారం క్రీ.శ. 2వ శతాబ్దానికి జరిగింది. 1888 నుంచి 1909 వరకు అలెగ్జాండర్ రీ విడతలుగా తవ్వాడు.

రెండు ముఖాల పలక

స్తూపాన్ని మళ్లీమళ్లీ కట్టారనడానికి గట్టి రుజువు బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలక. ఒక ముఖం మీద బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, కొలుస్తున్న భక్తులు, ఇది క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. అదే రాతిని తిప్పి, రెండో ముఖం మీద క్రీ.శ. 3వ శతాబ్దంలో స్తూపాన్నే చెక్కారు: అండం (గుమ్మటం), ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, స్తూపం ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద వరసగా ఐదు ఆయక స్తంభాలు. కూలిపోయిన కట్టడం నిలిచి ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించడానికి ఇలాంటి పలకలే నమూనాలయ్యాయి.

పొరల లెక్క

మద్రాసు మ్యూజియం శిల్పాలపై సి. శివరామమూర్తి 1942లో వెలువరించిన గ్రంథం నేటికీ ప్రామాణికం. స్వాతంత్ర్యం తర్వాత ఆర్. సుబ్రహ్మణ్యం 1958-59లో ఇక్కడ తవ్వారు. 1962-64లో ధరణికోట (ప్రాచీన ధాన్యకటకం) తవ్వకాల్లో పడవల రేవు ఆనవాళ్లు బయటపడ్డాయి.

1973-75లో ఐ. కార్తికేయ శర్మ పొరలవారీగా తవ్వారు. ఈ పద్ధతిలో మట్టి రంగు, గట్టిదనం మారిన చోటల్లా కొత్త పొరగా గుర్తించి, దొరికిన కుండపెంకును ఆ పొర కిందే నమోదు చేస్తారు. కింది పొరలు, పెంకుల మీది బ్రాహ్మీ అక్షరాలు, ఉత్తరాది నల్లని మెరుగు పాత్రల ముక్కలు కలిసి స్తూప ప్రాంతపు ఆరంభాన్ని మౌర్యుల కాలం దాకా తీసుకెళ్లాయి. ఇక్కడి విరిగిన స్తంభశాసనం అశోకుడిదని డి.సి. సర్కార్ ప్రతిపాదించారు, దీనితో ఏకీభవించని పండితులూ ఉన్నారు. శిల్పశైలి, లిపి, తవ్వకం ఫలితాలను కలిపి అకిరా షిమాడా 2013లో కట్టడపు దశలను మళ్లీ పరిశీలించారు. శిల్పాలు ప్రస్తుతం ప్రధానంగా చెన్నై, లండన్, అమరావతి మ్యూజియంలలో ఉన్నాయి.