అస్కా ప్రాంతంలో కుష్ఠు తొలిదశ గుర్తింపు: రోగుల పాత్ర

ఋషికుల్య ఒడ్డున చెరకుకూ చక్కెర మిల్లుకూ పేరుపడ్డ అస్కా, 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా మద్రాసు రాజధానిలోని ఊరే. తెలుగు ఇళ్లలో కుష్ఠును పేరెత్తకుండా 'పెద్దరోగం' అనేవారు. 1898 నాటి చట్టం బిచ్చమెత్తుకునే రోగులను పట్టి ఆశ్రమాల్లో ఉంచమంది. పట్టుబడతామన్న భయం ఉన్నచోట మచ్చ చూపించేదెవరు?

1940లలో డాప్సోన్ మందు వాడుకలోకి వచ్చాకే రోగులను వెతకడానికి అర్థం ఏర్పడింది. 1951లో వార్ధాలో మొదలైన గాంధీ స్మారక కుష్ఠు సంస్థ సర్వే, బోధన, చికిత్స అనే మూడు పనులను కలిపింది. శ్రీకాకుళం సీమలో చిలకలపల్లి దాని కేంద్రాల్లో ఒకటి. జాతీయ నియంత్రణ కార్యక్రమం 1955లో వచ్చింది.

ఈ రోగం తొలిదశలో నొప్పి పెట్టదు, దురద పెట్టదు. వెలిసిన మచ్చ మీద స్పర్శ ఉండదు, అంతే. అందుకే ఎవరూ దానికోసం ఆసుపత్రికి పోరు. సోకాక బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పట్టొచ్చు. అలాంటప్పుడు చికిత్సకు వచ్చిన రోగే దారి చూపాలి: ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు దగ్గరగా మెలిగారు, ఊరు వదిలి పనికి పోయినవాళ్లెవరు. వాళ్లను పగటి వెలుతురులో చూస్తారు. బాల్‌పెన్ను మొనతో మచ్చను తాకి స్పర్శ తెలుసుకుంటారు, మోచేతి దగ్గర నరం లావెక్కిందేమో తడుముతారు.

1982లో బహుళ ఔషధ చికిత్స వచ్చాక రోగాన్ని బట్టి ఆరు నెలల్లోనో రెండేళ్లలోనో నయం చేయడం సాధ్యమైంది; తర్వాత ఆ రెండేళ్లు ఏడాదికి తగ్గాయి. 2005 డిసెంబరు నాటికి దేశంలో రోగులు పదివేలకు ఒకరికన్నా తగ్గారు. ఇంటింటి సర్వేలు అప్పటికే పలచబడి, ఎవరికి వారు వచ్చి చూపించుకోవడం మీదే భారం పడింది. అది చాలలేదు. 2016లో మళ్లీ గడపగడపకూ వెతుకులాట మొదలైంది.

రోగులు ఎందుకు నోరు విప్పరో అస్కాయే చూపింది. ఇక్కడి నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్‌కు, అంటే పట్టణ పాలక మండలికి, ఎన్నికైన ఒకరిని కుష్ఠు ఉందన్న కారణంతో అనర్హుడన్నారు. 1950 నాటి ఒరిస్సా మునిసిపల్ చట్టంలోని ఆ నిబంధనను 2008లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. మందుతో నయమయ్యే జబ్బుకు ఇది కఠినమైన శిక్షే.

ఇప్పుడు రోగితో మెలిగినవారికి, పరీక్ష చేశాక, రోగం రాకుండా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ మందు ఇస్తున్నారు. ఇరుగుపొరుగుకు ఇవ్వాలంటే ముందు రోగి ఒప్పుకోవాలి, ఆ మందు ఎందుకిస్తున్నారో వాళ్లకు తెలిసిపోతుంది గనుక.